ద్రాక్షకోతకు వెళ్తున్న మేనకోడలికి

లాసన్స్ బే కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఆగస్టు చివర్లో నువ్వు ఫ్రాన్సు వెళ్తున్నావనీ, బర్గండీలోని పులీన్యీ-మోంరాషే ఊళ్లో ఒక కుటుంబం నడిపే వైన్ తోటలో మూడు నెలలు పనిచేస్తావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్పింది అనడం కంటే నిలదీసింది అనడం సబబు. ఆ పిచ్చి నీకు ఎక్కించింది నేనేనట. ఓడల్లో స్టివార్డుగా తిరిగి, ఆ తర్వాత బోన్ పట్నంలో ఒక హోటల్లో పదకొండేళ్లు వడ్డించి, ఏటా సెప్టెంబరులో సెలవు పెట్టి మరీ ద్రాక్షకోతకు పోయినవాడిని. కాబట్టి నేరం ఒప్పుకుంటున్నాను.

ముందు నడుము సంగతి. మన వైపు ద్రాక్ష పందిరి మీద, తలపైన ఉంటుంది. అక్కడ తీగలు పొట్టివి, హెక్టారుకు పదివేల దాకా ఉంటాయి, గుత్తులు మోకాళ్ల దగ్గర వేలాడతాయి. రోజంతా వంగి కోయాలి. మొదటి మూడు రోజులు రాత్రిళ్లు ఏడుపొస్తుంది, నాలుగో రోజు తగ్గుతుంది. కత్తెర ఎప్పుడూ కోసేది ఎడమచేతి వేళ్లనే, గుత్తిని పట్టుకునేది ఆ చేయే కాబట్టి. వాన బూట్లు ఇక్కడ కొనకు, అక్కడే కొనుక్కో.

ఇక అసలు సంగతి. వాళ్లది బయోడైనమిక్ సాగు, అంటే రసాయన ఎరువులు లేకుండా, చంద్రుడి గమనం చూసుకుని పనులు చేసే పద్ధతి. ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ 1924లో అప్పటి జర్మనీలోని కోబర్విట్జ్ అనే చోట ఇచ్చిన ఎనిమిది ఉపన్యాసాలు దానికి మూలం. ఈనిన ఆవు కొమ్ములో పేడ కూరి, శరత్కాలంలో పాతిపెట్టి, చలికాలం గడిచాక తవ్వి తీస్తారు. తీసేసరికి పేడ వాసన పోయి అడవి మట్టి వాసన వస్తుంది. అందులో సుమారు 100 గ్రాములు నీళ్లలో గంటసేపు కలిపి ఒక హెక్టారంతా చల్లుతారు. మన జీవామృతానికి ఎకరాకు పది కిలోల పేడ పోస్తాం, అక్కడ రెండున్నర ఎకరాలకు గుప్పెడు! నువ్వు ఉండగానే కొమ్ములు పాతే రోజు వస్తుంది.

మొదటి ఏడాది అది చూసి నాకు నోరు ఆగలేదు. ఇదంతా మా పంచాంగంలో ఉన్నదేననీ, మా తాత కార్తె చూడకుండా గింజ చల్లేవాడు కాదనీ వచ్చీరాని ఫ్రెంచిలో దంచాను. ఆ ఇంటి ముసలాయన అంతా ఓపిగ్గా విని, కర్ర నా చేతికిచ్చి నీళ్ల పీపా చూపించాడు. ఒక దిక్కుకు తిప్పుతూ పోతే నీళ్ల నడుమ సుడి లేచి అడుగుదాకా దిగాలి. దిగగానే దాన్ని చెదరగొట్టి ఎదురు దిక్కుకు తిప్పాలి. అలా గంట. ఇరవై నిమిషాలకే తాతా లేడు, పంచాంగమూ లేదు, నొప్పెట్టే భుజాలు రెండూ మిగిలాయి. అంతా అయ్యాక ఆయన ఒకటే అడిగాడు: "మీ తాత ఏ కార్తెలో ఏం చల్లేవాడు?"

నాకు తెలియదు.

నువ్వు వ్యవసాయ డిగ్రీ చదివినదానివి, నాలా గొప్పలు చెప్పవు. నీకున్న ప్రమాదం నవ్వు. కొమ్మును చూసి నవ్వితే ఆ రోజు నుంచి నీకు బుట్టలు కడిగే పని తప్ప ఇంకేమీ చూపించరు. నా మట్టుకు నాకు కొమ్ము మీద గురి లేదు, చంద్రుడి మీదా లేదు. కానీ చంద్రుడి పేరు చెప్పుకుని వాళ్లు రోజూ తోటలో నడుస్తారు, ఆకు తిరగేసి చూస్తారు, మట్టి పిడికిట పట్టి వాసన చూస్తారు. నా గురి ఆ నడక మీద. ఆ ఊళ్లోనే పేరున్న లెఫ్లేవ్ కుటుంబంలో ఆన్-క్లోద్ లెఫ్లేవ్ కూడా గుడ్డిగా నమ్మలేదు. 1990లో కొద్ది నేలలో మొదలుపెట్టి, పక్కపక్కన పోల్చి చూసుకుని, 1997 నాటికి గానీ తోటంతా మార్చలేదు.

మందే కొట్టరని మాత్రం అనుకోకు. బూజు, బూడిద తెగుళ్లకు రాగి, గంధకం చల్లుతారు. ఆ రాగి మందు మన రైతులకు తెలిసిన బోర్డో మిశ్రమమే. రాగి మట్టిలోంచి పోదు. అందుకే ఐరోపా సమాఖ్యలో ఏడేళ్లకు కలిపి హెక్టారుకు 28 కిలోలు మించకూడదని నిబంధన ఉంది. వానలు ఎక్కువైన ఏడాది ఎంత చల్లారో మర్యాదగా అడుగు. దాచేది లేని ఇల్లయితే అంకె చెబుతుంది.

మంచు దగ్గర ఏ సాగూ గెలవదు. ఆ ఊరికి పేరిచ్చిన మోంరాషే తోట మొత్తం ఎనిమిది హెక్టార్లు, మన లెక్కలో ఇరవై ఎకరాలు. 2016 ఏప్రిల్‌లో మంచుకు చిగుళ్లు మాడిపోతే, దాని యజమానుల్లో ఏడుగురు తమకు దక్కిన కాస్త పండునూ ఒకచోట కలిపి రెండు పీపాల వైన్ చేశారు. హుద్‌హుద్‌కు అరకులో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలిపోయిన ఊరివాళ్లం, మనకు వేరే చెప్పాలా?

తెల్ల వైన్‌కు షార్డొనే అనే తెల్ల ద్రాక్షను కోసిన వెంటనే పిండి, తొక్కలు తీసేస్తారు. రసం 228 లీటర్ల ఓక్ పీపాల్లో పులుస్తుంది. లోతైన నేలమాళిగ చూపించమని అడగకు. ఆ ఊళ్లో నీటిమట్టం పైకి ఉంటుంది, తవ్వితే నీళ్లే. పీపాల గదిలోకి కొబ్బరినూనె, సెంటు రాసుకుని వెళ్లకు. ఒకసారి నా తలనూనె వాసనకు అందరూ గ్లాసులు కింద పెట్టేశారు. రుచి చూసి ఉమ్మేయడం అక్కడ మర్యాదే, ఈ ముక్క మీ అమ్మకు తప్పకుండా చెప్పు. రుచి ఎలా ఉందని అడిగితే, వాళ్లలా ఎన్నడూ తినని హేజల్‌నట్ గింజ పేరు వల్లించకు. వెల్లవేసిన గోడ మీద తొలి చినుకుల వాసన అనిపిస్తే అదే చెప్పు, పచ్చి బాదం వగరు అనిపిస్తే అదే చెప్పు. ఇంకొకటి, ఆ వైన్‌ను 12, 13 డిగ్రీల దగ్గర తాగాలి. ఐసులో ముంచి ఇస్తే ఖరీదైనదీ చవకదీ ఒకటే.

వెళ్లేలోగా ఒకరోజు పొద్దున్నే కిరండూల్ రైలెక్కి అరకు వెళ్లిరా. అక్కడ నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి గిరిజన రైతులు కాఫీకి ఇదే బయోడైనమిక్ పద్ధతి వాడారు. ఆ కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం కూడా తెరిచారు. నీకు మాటల్లో పనికొస్తుంది.

అరకు నుంచి తిరిగి వచ్చాక అమ్మమ్మ దగ్గర కూర్చో. ఏ కార్తెలో చోళ్లు చల్లేవారో, ఏ కార్తెలో నువ్వులో ఆవిడకు ఇంకా గుర్తే. కాగితం మీద రాసుకో. ముసలాయన ఉన్నాడో లేడో గానీ, ఆ ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు.

మీ మావయ్య