చోటు సరిగా రాయకపోతే రోడ్డు ఎలా బాగవుతుంది?

ప్రశ్న: మా ఊరి దగ్గర సర్వీస్ రోడ్డు హైవేలో కలిసేచోట బైకుల వాళ్ళు తరచూ లారీల కింద పడుతున్నారు. బాగు చేయమంటే "అది బ్లాక్ స్పాట్ జాబితాలో లేదు" అంటున్నారు. కళ్ళ ముందు జరుగుతున్నది జాబితాలోకి ఎందుకు ఎక్కదండీ?
– ఓ పాఠకుడు, సూర్యాపేట జిల్లా

జవాబు: మీ కోపం న్యాయమైనదే. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల మేర, మూడేళ్ళలో మరణం గానీ తీవ్ర గాయం గానీ అయిన ప్రమాదాలు 5 జరిగినా, లేదా మొత్తం 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్‌గా లెక్కిస్తారు. 500 మీటర్లంటే ఎంత, ఈ చివర నిలబడితే ఆ చివర కనిపిస్తుంది. ఒక ఎఫ్‌ఐఆర్‌లో "గ్రామ శివారు" అని, ఇంకోదాంట్లో "దాబా దగ్గర" అని, మరోదాంట్లో "స్టేజీ దాటాక" అని రాశారనుకోండి, ఒకే మలుపులో పోయిన ప్రాణాలు కాగితం మీద వేర్వేరు చోట్లకు చెదిరిపోతాయి, ఇక లెక్క ఎప్పటికీ 5కి చేరదు.

ఎఫ్‌ఐఆర్ రాసేది కేసు కోసం, అంటే తప్పు ఎవరిదో తేల్చడానికి. అందుకే "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అనే మాట దాదాపు ప్రతి కేసులోనూ ఉంటుంది. 2022లో దేశం మొత్తం మీద 4,61,312 ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాటిలో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డాయి. వేగం చంపుతుంది, అందులో సందేహం లేదు. కానీ అక్కడ లైటు ఉందా, డివైడర్ మధ్య జనం తెరుచుకున్న సందు ఉందా, లారీ రోడ్డు పక్కన ఆగి ఉందా, బైకు ఎటునుంచి ఎటు దాటుతోంది అనేవి రాయకుండా అతివేగం అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఇంజినీరు ఏం మార్చాలి? నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే.

దీన్ని సరిచేయడానికే ఐఐటీ మద్రాస్, ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ) కలిసి ఐరాడ్ అనే రోడ్డు ప్రమాదాల ఆన్‌లైన్ నమోదు వ్యవస్థను తయారుచేశాయి, ఇప్పుడది ఈ-డార్‌ అనే పేరుతో నడుస్తోంది. పోలీసులు ప్రమాదస్థలంలోనే ఫోన్‌లో వివరాలు, ఫొటోలు, జీపీఎస్ పాయింట్ ఎక్కించాలి. మంచి ఏర్పాటు, కాకపోతే అక్కడే నింపితేనే దాని విలువ. స్టేషన్‌కు వెళ్ళాక తీరిగ్గా నింపితే పాయింట్ సరైన చోటే పడిందో లేదో మళ్ళీ చూసుకోవాలి.

మీరు చేయగలిగింది ఒకటుంది. మీ ఊళ్ళో గుర్తున్న ప్రమాదాలన్నీ తేదీ, ఎఫ్‌ఐఆర్ నంబరు, దగ్గరి కిలోమీటర్ రాయి, ఫోన్‌లో తీసిన లొకేషన్‌తో ఒకే కాగితం మీద రాసి, కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి ఇవ్వండి. ఆ చోటు రెండు స్టేషన్ల హద్దులో ఉంటే రెండు చోట్ల కేసులూ కలపండి, ఇది చాలామంది మర్చిపోతారు.

ప్రశ్న: మా బావగారు ప్రమాదం తర్వాత 12 రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయారు. ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం గాయాలనే ఉంది. ఆ మరణం లెక్కలోకి వస్తుందా?
– ఓ పాఠకురాలు, ఏలూరు

జవాబు: రావాలమ్మా. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు పోయినా రోడ్డు మరణంగానే లెక్కించాలన్నది అంతర్జాతీయ పద్ధతి. కానీ ఆసుపత్రి నుంచి కబురు స్టేషన్‌కు చేరకపోతే అది గాయం గానే మిగిలిపోతుంది. 2016లో మన ప్రభుత్వ లెక్క సుమారు లక్షన్నర మరణాలైతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా దాదాపు 3 లక్షలు. ఇంత తేడా రావడానికి ఇలా నమోదు కాని మరణాలూ ఒక కారణమే.

మీరు మరణ ధ్రువపత్రం, ఆసుపత్రి సమ్మరీ, పోస్టుమార్టం జరిగి ఉంటే ఆ రిపోర్టు కాపీలు జతచేసి, ఎఫ్‌ఐఆర్ నంబరు వేసి దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. గాయాల సెక్షన్‌ను మరణం సెక్షన్‌గా మారుస్తూ ఆయన కోర్టుకు మెమో వేయాలి, వేశారో లేదో కనుక్కోండి, ఈ-డార్‌లో కూడా మార్చమని అదే అర్జీలో రాయండి. నష్టపరిహారం కేసుకూ ఈ కాగితాలే కావాలి కాబట్టి ఒక సెట్టు మీ దగ్గర ఉంచుకోండి.