క్రాస్ స్టిచ్ పత్రికకు చందా కట్టే ముందు

చి. అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. బ్రిటన్ నుంచి పత్రిక ఇంటికి తెప్పించుకోవాలంటే ఏడాది చందాతో పాటు పోస్టు ఖర్చు కూడా చూసి టెన్షన్ పడ్డట్టున్నావు. ఆ చందా కట్టకు. కనీసం ఇప్పుడే కట్టకు. దానికి బదులు ఏం చేయొచ్చో నాకు తెలిసినంత రాస్తాను. ఉత్తరం కాస్త పొడుగే, మధ్యాహ్నం తీరిగ్గా చదువుకో.

ఒక సంగతి ముందే చెబుతాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడింది. క్రాస్ స్టిచ్ అంటే గుడ్డ గడుల మీద X ఆకారంలో వేసే కుట్టు, ఏ గడిలో ఏ రంగో చూపే గడుల బొమ్మే దాని చార్ట్. ఆ చార్ట్ పాతబడదు. ఇరవై ఏళ్ల కిందటి సంచికలో ఉన్న గులాబీని ఇవాళ కూర్చుని కుట్టుకోవచ్చు. గుడ్డ అదే, సూది అదే, దారాల నంబర్లు కూడా చాలావరకు అవే. డీఎంసీ అనే కంపెనీ దారంలో 310 నంబరు అప్పుడూ నలుపే, ఇప్పుడూ నలుపే. మరి కొత్త సంచికకు పూర్తి ధర ఎందుకు పెట్టాలి? బ్రిటిష్ పత్రికల కవరు మీద చిన్న కిట్ పెట్టి అమ్ముతారు, చాలామందికి ఆకర్షణ అదే. మన దాకా వచ్చే కాపీల్లో ఆ కిట్ ఉంటుందన్న భరోసా లేదు. ఉన్నా, అందులో వచ్చేది అరచేతిలో పట్టే గుడ్డ ముక్క, నాలుగు దారం పోగులు.

కాబట్టి నువ్వు వెతకాల్సింది పాత సంచికలు. పేర్లు కొన్ని గుర్తుపెట్టుకో. బ్రిటన్‌ది ‘ది వరల్డ్ ఆఫ్ క్రాస్ స్టిచింగ్’. అమెరికాది ‘జస్ట్ క్రాస్ స్టిచ్’, 1983 నుంచి వస్తోంది, దాని క్రిస్మస్ ఆర్నమెంట్ల ప్రత్యేక సంచికను సేకరించేవాళ్లు చాలామంది ఉన్నారు. అన్నీ చిన్న చిన్న డిజైన్లే కాబట్టి, కొత్తగా నేర్చుకునే నీలాంటి వాళ్లకు ఆ ఒక్క సంచిక ఏడాదికి సరిపడా పని ఇస్తుంది. క్రిస్మస్ మనకెందుకు అనుకోకు. అందులో నక్షత్రాలు, పిట్టలు, పూలు బోలెడు, తోరణాలకు, బ్యాగులకు హాయిగా పనికొస్తాయి. ఆస్ట్రేలియా ‘ఇన్‌స్పిరేషన్స్’ చాలా అందమైన పత్రిక, కానీ అందులో ఎక్కువ భాగం క్రాస్ స్టిచ్ కాదు, రకరకాల ఎంబ్రాయిడరీ. నీ చేయి తిరిగాక చూద్దువు.

ఇవి ఎక్కడ దొరుకుతాయి? మీ విజయవాడలో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపులున్నాయి కదా, అక్కడ మొదలుపెట్టు. హైదరాబాద్ వచ్చినప్పుడు ఆదివారం నా దగ్గర ఉండేలా చూసుకో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల సంతకు వెళ్దాం. అక్కడ కుట్టు పత్రికలకు విడిగా గుట్ట ఉండదు. వంటల పుస్తకాల కింద, ఇంటి అలంకరణ పత్రికల మధ్యన ఇరుక్కుని ఉంటాయి. అమ్మేవాళ్లను ‘క్రాస్ స్టిచ్ ఉందా’ అని అడిగితే లేదనే చెబుతారు, వాళ్లకు పేరు తెలియక. ‘ఎంబ్రాయిడరీ, అల్లికల ఫారిన్ బుక్స్’ అని అడుగు. ఒకటి దొరికితే అదే గుట్టలో ఇంకోటి ఉండే అవకాశం ఎక్కువ. ఒకరింట్లోంచి వచ్చిన కట్ట అంతా ఒకచోటే పడి ఉంటుంది కాబట్టి గుట్టంతా చూడకుండా లేవకు. బేరం కట్ట మొత్తానికి ఆడు, ఒక్కోదానికి కాదు.

డబ్బులు ఇచ్చే ముందు మాత్రం నిలబడి పేజీలు తిప్పు, మొహమాటపడకు. పాత సంచికల్లో మధ్య పేజీలు చింపేసి ఉంటాయి, అసలు చార్ట్ ఉండేది అక్కడే. పెద్ద డిజైన్‌ను నాలుగు పేజీలుగా విడగొట్టి వేస్తారు. ఆ నాలుగూ ఉన్నాయా, ఒక పేజీ అంచు గడులు పక్క పేజీ అంచుతో కలుస్తున్నాయా చూడు. రంగుల పట్టిక ఉందా చూడు. పట్టిక లేని చార్ట్‌తో ఏ గుర్తు ఏ రంగో ఫోటో చూసి ఊహించుకుంటూ కూర్చోవాలి. ‘ఇన్‌స్పిరేషన్స్’ లాంటి వాటిలో డిజైన్ గీతలు మడత పెట్టిన పెద్ద షీటు మీద వేసి లోపల పెడతారు. ఆ షీటు లేకపోతే నీ చేతిలో ఉన్నది బొమ్మల పుస్తకమే. ఎవరో పెన్సిల్‌తో కుట్టిన గడులు కొట్టేసి ఉంటే భయపడకు, రబ్బరుతో చెరిపేయొచ్చు. పెన్నుతో కొట్టేసి ఉంటే ధర తగ్గించమని అడుగు.

ఇంటికి తెచ్చాక రెండు రోజులు నీడలో గాలికి ఆరనిచ్చి, అప్పుడు అల్మారాలో పెట్టు. పాత కాగితంలో వెండి పురుగులు ఉంటాయి. మీ అమ్మ పట్టుచీరలున్న అల్మారాలో అసలు పెట్టకు.

మీ అక్క న్యూజెర్సీలో ఉంది కదా, దాని సాయం అడుగు. అమెరికాలో పబ్లిక్ లైబ్రరీలు తమ దగ్గర మిగిలిన పాత పుస్తకాలు, పత్రికలు అప్పుడప్పుడు అమ్మకానికి పెడతాయి, చాలా చవకగా ఇచ్చేస్తాయి. సెకండ్ హ్యాండ్ షాపుల్లో కూడా కుట్టు పత్రికలు వస్తుంటాయి. అది వచ్చేటప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య ఓ అరడజను పెడితే పెద్ద బరువేం కాదు. విడిగా పార్సిల్ చేయమని మాత్రం అడగకు, మళ్లీ ఆ పోస్టు ఖర్చు దగ్గరికే వస్తాం. ఇంకో సంగతి: అక్కడ చాలా లైబ్రరీలు లిబ్బీ అనే యాప్‌లో పత్రికలు ఉచితంగా చదవనిస్తాయి, కార్డు ఉంటే చాలు. ఏ పత్రికలు ఉంటాయన్నది లైబ్రరీని బట్టి మారుతుంది. అలాగని దాని కార్డు నంబరు నీకు ఇమ్మనకు. అది ఆ ఊరివాళ్ల పన్నులతో నడిచే సదుపాయం. మీ అక్కే పాత సంచికలు తిరగేసి ఏ నెల సంచికలో నీకు నచ్చే డిజైన్లు ఎక్కువున్నాయో చెబితే, ఆ ఒక్కటే కొనుక్కోవచ్చు. ఏడాది చందా కట్టి అన్ని సంచికలూ తెప్పించుకుని, వాటిలో రెండు డిజైన్లు కుట్టడం కన్నా ఇది ఎంతో నయం.

డిజిటల్ గురించి అడిగావు. జినియో, పాకెట్‌మ్యాగ్స్, మ్యాగ్జ్‌టర్ లాంటి చోట్ల విడి సంచికలు అమ్ముతారు. పోస్టు ఖర్చు ఉండదు, అదే పెద్ద లాభం. కొనేముందు కొన్ని సంగతులు చూసుకో. అన్నీ కలిపి నెలకింత అనే ప్యాకేజీ తీసుకుంటే, కట్టడం ఆపిన రోజున ఆ పత్రికలూ పోతాయి. క్రాస్ స్టిచ్ పెద్ద డిజైన్ ఆర్నెల్లు పడుతుంది, సగం కుట్టాక చార్ట్ మాయమైతే ఏం చేస్తావు? అందుకే విడి సంచికే కొను. నీకు కావలసిన పత్రిక ఆ ప్యాకేజీలో ఉందో లేదో కూడా డబ్బు కట్టకముందే పేరు కొట్టి వెతుకు, యాప్‌లో కనిపించే ప్రతిదీ ప్యాకేజీలో ఉండదు. ఫోన్ తెర మీద చార్ట్ చదవడం కళ్లకు శిక్ష. మీ తమ్ముడి ట్యాబ్ అడిగి తీసుకో. విదేశీ సైటులో కార్డు పనిచేయకపోతే కంగారు పడకు, బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసి, పని అయ్యాక మళ్లీ ఆపేయి. బ్యాంకు దాని మీద మార్కప్ అని అదనపు చార్జీ వేస్తుంది, అది కూడా లెక్కలో కలుపుకో. ఆటో రెన్యువల్ టిక్ తీసేయడం మరిచిపోకు.

పైసా ఖర్చు లేకుండా దొరికేవీ ఉన్నాయి, అవేం తక్కువవి కావు. డీఎంసీ కంపెనీ వాళ్ల సైటులో ఉచిత చార్టులు బోలెడు పెట్టారు. దారం అమ్ముకోవడానికి ఇస్తారనుకో, అయినా మంచివే. ఫ్రాన్స్‌లో మ్యూల్‌హౌస్‌లో 1746లో పుట్టిన కంపెనీ అది. వాళ్ల కోసం తెరేజ్ ద డిల్మాంట్ అనే ఆవిడ 1886లో కుట్టుపనుల మీద ఓ విజ్ఞాన సర్వస్వం రాసింది. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో బొమ్మలతో సహా ఉచితంగా దింపుకోవచ్చు. పత్రికలు ‘మొదలుపెట్టేవారికి’ అని రెండు పేజీల్లో చెప్పే సంగతులు ఆవిడ అధ్యాయాలుగా రాసింది. ఇంగ్లీషు కాస్త పాతకాలపుది, కానీ బొమ్మలు చూస్తే అర్థమైపోతుంది. యాంటిక్ ప్యాటర్న్ లైబ్రరీ అనే సైటులో వందేళ్లు దాటిన డిజైన్ పుస్తకాలు స్కాన్ చేసి పెట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో బెర్లిన్‌లో గడుల కాగితం మీద రంగులేసి అమ్మిన చార్టులు కూడా అక్కడున్నాయి. వాటిలో ఇప్పటి దారం నంబర్లు ఉండవు, రంగులు నువ్వే ఎంచుకోవాలి. రంగు కన్ను కుదరడానికి అంతకన్నా మంచి సాధన నాకు కనిపించలేదు.

మన తెలుగు పత్రికల్లో కూడా కుట్లు, అల్లికల పేజీలు వచ్చేవి. వేటపాలెం సారస్వత నికేతనం, ఇక్కడ హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి లైబ్రరీల్లో పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే వాటిలో గడుల చార్టులు తక్కువ, ట్రేసింగ్ గీతలే ఎక్కువ. అంతకంటే నీకు పనికొచ్చేది ధనుర్మాసంలో అమ్మే ముగ్గుల పుస్తకం. చుక్కల ముగ్గును గడుల కాగితం మీదకు ఎక్కించి చూడు, నిలువు, అడ్డం, ఐమూల గీతలున్నవి గీతలా సాగే బ్యాక్ స్టిచ్ కుట్టుకు సరిగ్గా కుదురుతాయి. మెలికల ముగ్గు జోలికి పోకు, ఆ వంపులు గడుల్లో ఒదగవు. కర్ణాటకలో ధార్వాడ వైపు కసూతి అనే ఎంబ్రాయిడరీ కుట్టేది ఇదే తీరులో, దారాలు లెక్కపెట్టుకుంటూ గోపురాలు, రథాలు, తులసికోటలు. విదేశీ పత్రికల్లో దొరకనివి ఇవి.

నీ స్నేహితురాలు టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు ఉచితంగా వస్తున్నాయందని రాశావు. వద్దమ్మా. ఒక పత్రిక కొని నలుగురు చేతులు మార్చుకుని చదవడం వేరు, దాన్ని స్కాన్ చేసి వేలమందికి పంచడం వేరు. ఆ డిజైన్ వేసినావిడ తిండి అది. మీ అపార్ట్‌మెంట్‌లో కుట్టేవాళ్లు ముగ్గురున్నారన్నావు కదా, తలా ఒకటి వేర్వేరు సంచిక కొనుక్కుని మార్చుకోండి. ఎవరి దగ్గర ఏముందో ఓ నోట్‌బుక్‌లో రాయండి, లేకపోతే స్నేహాలు చెడతాయి. నువ్వు కుట్టేటప్పుడు గీతలు కొట్టుకోవడానికి నీ పత్రికలోని పేజీ ఒక జిరాక్స్ తీసుకుంటే ఎవరూ కాదనరు. పత్రిక శుభ్రంగా ఉంటుంది, మళ్లీ అమ్ముకోవచ్చు కూడా.

ఇంటర్నెట్‌లో చవకగా దొరికే చార్టుల్లో ఇంకో తలనొప్పి ఉంది. ఫోటోను కంప్యూటర్‌లో వేసి గడులుగా మార్చేసి అమ్మేస్తున్నారు. ఎనభై రంగులు, ఒక్కో రంగు అక్కడో గడి ఇక్కడో గడి. కుట్టడం మొదలుపెడితే గడికో దారం మార్చాలి. కుట్టి పూర్తిచేసిన గుడ్డ ఫోటో చూపించని చార్ట్ కొనకు. పత్రికకు డబ్బు పెట్టడంలో న్యాయం ఇక్కడే ఉంది: ఎవరో ఒకరు దాన్ని ముందు కుట్టి చూశాకే అచ్చేస్తారు.

పత్రిక ఖర్చు గురించే ఇంత ఆలోచిస్తున్నావు గానీ, అసలు ఖర్చు దారాలది. డిజైన్ నచ్చగానే ముందు రంగుల పట్టికలో వరసలు లెక్కపెట్టు. ముప్పై అయిదు రంగులుంటే ముప్పై అయిదు లచ్చీలు కొనాలి, అందులో సగం లచ్చీల్లో మూరెడు కూడా వాడవు. పది, పన్నెండు రంగుల్లోపు డిజైన్లతో మొదలుపెట్టు. ఒక లచ్చి 8 మీటర్లు, 6 పోగులు. 14 కౌంట్ గుడ్డ, అంటే అంగుళానికి 14 గడులున్న గుడ్డ మీద 2 పోగులతో కుడతాం కాబట్టి ఒక్క లచ్చి 24 మీటర్ల పని ఇస్తుంది. పట్టికలో డీఎంసీ నంబరు పక్కనే యాంకర్ అనే ఇంకో కంపెనీ దారం నంబరు ఇచ్చే పత్రిక దొరికితే అదే కొను, మన ఫ్యాన్సీ షాపుల్లో తేలిగ్గా దొరికేది యాంకరే. నలుపు డీఎంసీలో 310, యాంకర్‌లో 403. మిగతావాటికి మార్పిడి పట్టికలు ఉన్నాయి గానీ, అచ్చంగా అదే రంగు రాదు. నీడలు వేసే చోట పక్కపక్కనే వచ్చే రెండు రంగులను షాపులోనే, గుమ్మం దగ్గర వెలుతురులో కలిపి చూసుకో.

గుడ్డ సంగతి కూడా. పత్రికల్లో ఐడా (Aida) అని రాస్తారు, షాపులో మ్యాటీ క్లాత్ అని అడుగు. దాని మీద కౌంట్ రాసి ఉండదు. స్కేలు తీసుకెళ్లి అంగుళంలో ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టు. 140 గడుల వెడల్పు, 112 గడుల ఎత్తున్న డిజైన్ 14 కౌంట్ మీద 10 అంగుళాలు, 8 అంగుళాలు వస్తుంది. అదే 11 కౌంట్ గుడ్డ మీద వెడల్పు పదమూడు అంగుళాలకు దగ్గరవుతుంది. చుట్టూ మూడేసి అంగుళాలు వదిలి కత్తిరించు. ఈ లెక్క వేయకుండా గుడ్డ కొంటే ఫ్రేము దగ్గర ఏడుస్తావు.

ఇవన్నీ చేశాక కూడా చందా కట్టాలని ఉంటే, ఏదో ఒక పత్రిక పాత సంచికలు మూడు, నాలుగు తీసుకుని, ఒక్కోదాంట్లో నిజంగా కుట్టాలనిపించేవి ఎన్ని ఉన్నాయో టిక్ పెట్టుకో. సంచికకు రెండు కూడా రాకపోతే ఆ పత్రిక నీది కాదు. మూడు, నాలుగు వస్తే డిజిటల్ చందా ఒక ఏడాది కట్టు, పుట్టినరోజుకు నేనిచ్చే డబ్బు దానికే వాడుకో.

ఈలోగా నీ దగ్గరున్న ఆ నెమలి చార్ట్ రంగుల పట్టిక ఫోటో తీసి పంపు. నా డబ్బాలో సగం వాడిన లచ్చీలు చాలా ఉన్నాయి. కుదిరేవి నంబరు చీటీలు కట్టి, వచ్చేవారం మీ నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. మిగతావే కొనుక్కో.

ఇట్లు,
మీ పెద్దమ్మ