పూడిక తీసినా చెరువు నిండదేం?

ప్రశ్న: మా ఊరి చెరువులో కొన్నేళ్ల కిందట పూడిక తీయించారు. వానలు బాగానే పడుతున్నా ఆ తర్వాత ఒక్క ఏడు కూడా మత్తడి (అలుగు) దుంకలేదు. కట్ట కింది బావుల్లో మాత్రం ఎండాకాలంలోనూ నీళ్లుంటున్నాయి. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, జనగామ జిల్లా

జవాబు: పూడిక తీస్తే చెరువులో పెరిగేది చోటే కాని నీరు కాదు. ఇరవై హెక్టార్ల శిఖంలో (చెరువులో నీరు నిలిచే నేలలో) 30 సెంటీమీటర్ల మందాన మట్టి ఎత్తితే 60,000 ఘనపు మీటర్ల చోటు కొత్తగా ఏర్పడుతుంది. అది నిండాలంటే వంద హెక్టార్ల నేల మీద పడిన వానలో, ఇంకిందీ ఆవిరైందీ పోను, 6 సెంటీమీటర్ల నీరు అదనంగా పారి రావాలి.

బావుల సంగతి దీనికి ముడిపడినదే. ఏళ్ల తరబడి అడుగున పేరుకున్న బంకమట్టి, గాదెకు లోపల మెత్తినట్టు, నీటిని కిందికి దిగకుండా ఆపుతుంది. దాన్ని మొరం తేలేదాకా గీకేస్తే, పగుళ్లిచ్చిన గ్రానైటు పొరల గుండా నీరు కట్ట దాటి దిగువ బావులకు చేరుతుంది. ఇది లోపమా, లాభమా అన్నది మీ పొలం ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉంటుంది: బావి ఉన్న రైతుకు లాభం, తూము నీటినే నమ్ముకున్న ఆయకట్టు రైతుకు నష్టం. పైగా తూము మట్టానికి దిగువన తవ్విన గుంతలో నిలిచే నీరు కాలువకు ఎక్కనే ఎక్కదు. పశువులకూ చేపలకూ అది ఉపయోగమే, అది వేరే మాట.

అసలు చూడవలసింది మీ చెరువును కాదు, దాని పైనున్న చెరువులను. కాకతీయుల కాలం నుంచీ మన ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు మత్తడి దుంకితేనే కింది చెరువుకు నీళ్లు. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కింద ఒకే గొలుసులోని చెరువులకు వరుసగా పూడిక తీసిన చోట, పైవన్నీ లోతై తమ కడుపు నిండాకనే నీటిని వదులుతాయి. అన్నింటికన్నా దిగువన ఉన్న చెరువుకు ఆ వంతు ఆలస్యంగా వస్తుంది, కొన్నేళ్లు రానే రాదు.

ఈ వానాకాలం పెద్ద వాన పడ్డ మర్నాడు పై చెరువు మత్తడి నుంచి మీ శిఖం దాకా కాలువ వెంట నడవండి. మత్తడి దుంకని పక్షంలో కారణం పైన చెప్పిందే. దుంకుతూ ఉండి, నీరు దారిలో ఏ పొలం గట్టు దగ్గరో, రోడ్డు కింద పూడుకుపోయిన తూర (నీరు పారే గొట్టం) దగ్గరో పక్కకు మళ్లుతుంటే, ఆ చోటును నీరు పారుతుండగానే ఫొటో తీసి నీటిపారుదల శాఖ ఇంజినీరుకు చూపించండి. ఎండాకాలంలో చూపిస్తే అక్కడ కాలువ ఉండేదని నమ్మించడమే కష్టం.