కరోనా లాంటిది మళ్లీ వస్తే ఊళ్లో ఎవరి మాట వింటారు?

వార్తలు ఎక్కువ చూసినవాళ్లే మాస్కు, టీకా జాగ్రత్తలు ఎక్కువ తీసుకున్నారా, లేక నమ్మకమే అసలు సంగతా అని అడిగారు కదా. మాది తెలంగాణలో పరకాల వైపు ఊరు. అక్కడ నేను చూసింది చెప్తా. టీవీ జనాన్ని ఇంట్లో కూర్చోబెట్టగలిగింది గానీ టీకా దాకా నడిపించలేకపోయింది.

భయం పుట్టించడానికి నమ్మకం అక్కర్లేదు. 2020 మొదట్లో కోడికూర తింటే కరోనా వస్తుందని వాట్సాప్‌లో తిరిగేసరికి కోళ్లఫారాల వాళ్లు నిలువునా మునిగారు, చివరికి హైదరాబాద్‌లో మంత్రులు స్టేజీ మీద చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. లాక్‌డౌన్ రాగానే ఊరి దారికి ముళ్లకంపలు అడ్డం వేసింది కూడా జనమే, ఏ అధికారీ చెప్పలేదు.

టీకా దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. 2021 ఏప్రిల్‌లో తమిళ నటుడు వివేక్ టీకా వేయించుకున్న రెండు రోజులకే గుండెపోటుతో చనిపోయారు. దానికీ టీకాకూ సంబంధం లేదని డాక్టర్లు అప్పుడే చెప్పారు, కానీ ఊళ్లో తిరిగింది మొదటి సగమే. దీనికి తోడు కొవిషీల్డ్ రెండో డోసు గడువు మొదట 4 వారాలు, మార్చిలో 6 నుంచి 8, మేలో 12 నుంచి 16. కొత్త వివరాలు వచ్చాయి కాబట్టి మార్చారు అనుకోవచ్చు, కానీ ఎందుకో అర్థమయ్యేలా చెప్పే మనిషి లేక "స్టాక్ లేదు గాబట్టి అట్ల చెప్తున్నరు" అనేశారు. స్టాక్ కూడా నిజంగానే కటకటగా ఉంది మరి!

ఆ టైంలో ఇంటింటికీ జ్వరం సర్వేకు వచ్చిన ఆశా వర్కర్‌ను మా పక్కింటి అవ్వ గుమ్మంలోనే ఆపి, సూది వేసుకుంటే చస్తారట గదా అంది. "అవ్వా, నేను రెండు ఏపించుకున్న, నీ ముందల్నే నిలబడ్డ గదా. రాత్రికి జరమొస్తది, ఒళ్లు నొస్తది, ఈ గోలి వేస్కో, పొద్దుగాల నేనే వస్త" అంది ఆమె. జ్వరం వచ్చింది, తెల్లారి ఆమే వచ్చింది. టీవీలో అయితే టీకా భేష్ అన్నారు, లేదంటే ప్రమాదం అన్నారు, జ్వరం వస్తుందని ముందే చెప్పి ఊరుకోబెట్టింది మాత్రం ఈమె. ఆ వీధిలో మిగతావాళ్లు అవ్వను చూసి కదిలారు.

అయితే నమ్మకం ఉన్నంత మాత్రాన మంచే జరుగుతుందని అనుకోకండి. మా వైపు ఆర్ఎంపీ (డాక్టర్ చదువు లేకుండానే ఊళ్లో వైద్యం చేసేవాడు) మీద ఉన్నంత గురి ఇంకెవరి మీదా ఉండదు, అర్ధరాత్రి తలుపు కొట్టినా వస్తాడు, అప్పు పెడతాడు. రెండో వేవ్‌లో జ్వరం మొదలైన రోజే స్టెరాయిడ్ ఇచ్చిన ఆర్ఎంపీలను చూశాను, జనం మారు మాట్లాడకుండా వేసుకున్నారు. అది ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే మేలు చేస్తుందని 2020 జూన్‌లోనే తేలింది, షుగర్ ఉన్నవాళ్లకు బ్లాక్ ఫంగస్ ముప్పు పెంచింది కూడా ఇదే.

అందుకే ఇంకోసారి ఏదైనా వస్తే యాడ్‌లు, కాలర్ ట్యూన్‌ల కంటే ముందు సరైన సమాచారం ఆశా వర్కర్‌కూ ఆర్ఎంపీకీ చేరాలంటాను. డోసు గడువు మారిందని మా ఆశా వర్కర్‌కు తెలిసింది కూడా టీవీ స్క్రోలింగ్‌లోనే, అదీ జనం వచ్చి అడగడం మొదలుపెట్టాక.