సందేహాలు – సమాధానాలు: నలుగురు వచ్చారా, నాలుగు వచ్చాయా?

సందేహం: గురువుగారికి నమస్కారమండి. మాది కోనసీమ, కాట్రేనికోన వైపు. ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. నిజం గోదావరి కాదు గానీ అలాంటిదే ఒక పెద్ద ఏరు, అది సముద్రంలో కలిసే చోట మడ అడవి, ఆ అడవిలో మనుషులు కాని ఒక జాతి. తెలివి, మాట, ఊళ్లు అన్నీ ఉన్నాయి వాళ్లకి. 'మడచరులు' అని పేరు పెట్టాను. "ఆ రాత్రి నలుగురు మడచరులు గట్టెక్కి వచ్చారు" అని రాశాను. మా తమ్ముడు చదివి, మనుషులు కానప్పుడు "నాలుగు మడచరులు వచ్చాయి" అనాలి, నీది తప్పు అంటున్నాడు. ఏది కరెక్టు? ఇంకో రెండు చిన్న సందేహాలు. ఇలాంటి లోకంలో ఊళ్లకి సంస్కృతం పేర్లే పెట్టాలా? మా వైపు మాటలు, ఆయ్, అండి లాంటివి, అక్కడ రానివ్వొచ్చా?

సమాధానం: మీ వాక్యం కరెక్టేనమ్మా, "నలుగురు వచ్చారు" అనే ఉంచండి. మీ తమ్ముడు చెప్పిన వాక్యం అతను అనుకున్న రూలు ప్రకారం కూడా నిలవదు, ఎందుకంటే 'చరులు' అనేది 'చరుడు'కి బహువచనం. అనుచరుడు, అనుచరులు. నిశాచరుడు, నిశాచరులు. వీటి పక్కన 'వచ్చారు' తప్ప ఇంకోటి అతకదు. ఆ జాతిని జంతువుల లెక్కలో వెయ్యాలంటే ముందు పేరు మార్చాలి, జలచరాలు అన్నట్టు 'మడచరాలు' అనాలి, అప్పుడు "నాలుగు మడచరాలు వచ్చాయి" అని చక్కగా కుదురుతుంది. అంటే పేరు పెట్టిన రోజే మీరు వాళ్లని మనుషుల వరసలో కూర్చోబెట్టేశారు. మీ ఉత్తరమే మళ్లీ చదువుకోండి, "అన్నీ ఉన్నాయి వాళ్లకి" అని రాశారు, "వాటికి" అనడానికి మీకు మనసొప్పలేదు.

అలాగని మీ తమ్ముడి అభ్యంతరం ఊరికే పుట్టింది కాదు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి నామవాచకాలని మహత్తులు, అమహత్తులు అని విడదీశాడు. మగవాళ్లని చెప్పే మాటలు మహత్తులు. పశువులు, పక్షులు, చెట్టూ చేమా, రాయీ రప్పా అమహత్తులు. ఆడవాళ్లు ఏకవచనంలో అమహత్తుల దారిన పోతారు, బహువచనంలోకి రాగానే మహత్తుల్లో కలుస్తారు. మనం రోజూ మాట్లాడేదీ ఇదే కదా: అక్క వచ్చింది, పడవ వచ్చింది, రెంటికీ ఒకటే క్రియ. అక్కలు వచ్చారు, పడవలు వచ్చాయి, అక్కడ దారులు చీలిపోయాయి. ఇంగ్లీషులో సరిగ్గా దీనికి ఎదురు. ఏకవచనంలో హీ, షీ, ఇట్ అని మూడు ఉంటాయి గానీ బహువచనంలో మనిషికీ రాయికీ కలిపి 'దే' ఒక్కటే. అందుకని ఇంగ్లీషు ఫాంటసీలు, సైన్స్ ఫిక్షన్ బాగా చదివి, వాటిని చూసి లోకం కట్టుకునేవాళ్లు మ్యాపులు గీస్తారు, రాజవంశాలు రాసుకుంటారు, మంత్రాలకి నియమాలు పెడతారు, ఈ ప్రశ్న మాత్రం ముందుగా వేసుకోరు. తెలుగులో రాయడానికి కూర్చుంటే ఆ జాతివాళ్లు ఇద్దరు కలిసి గడప దాటిన మొదటి వాక్యంలోనే దీనికి జవాబు చెప్పి తీరాలి. తప్పించుకునే దారి లేదు.

మరి మనుషులు కానివాళ్ల సంగతేంటి? మన భాష దీన్ని ఎప్పుడో తేల్చుకుంది. రామాయణం చెప్పేటప్పుడు వానరులు వారధి కట్టారు అంటాం. పెరట్లో కొబ్బరిపిందెలు పీకేసినప్పుడు కోతులు పీకేశాయి అంటాం. జటాయువు అడ్డుపడ్డాడు గానీ గద్ద కోడిపిల్లని ఎత్తుకుపోయింది. మీ ఊళ్లోనే చూడండి, చేలో కనిపిస్తే "పాము వచ్చింది" అని కర్ర కోసం పరిగెత్తే మనిషే నాగుల చవితినాడు పుట్ట దగ్గర "సుబ్బారాయుడు" అంటాడు, "తండ్రీ" అని పిలుస్తాడు. జీవి మారలేదు. దానితో ఆ మనిషి కలుపుకున్న వరస మారింది, వరసతోబాటు క్రియ కూడా మారింది.

ఇంకో ఉదాహరణ మీ గుమ్మంలోనే ఉంది. వశిష్ఠుడు ఋషి, వైనతేయుడంటే గరుత్మంతుడు. ఇద్దరూ మహత్తులే, "వశిష్ఠుడు చెప్పాడు" అంటాం. ఆ పేర్లే చివర 'డు' పోగొట్టుకుని గోదావరి పాయలయ్యేసరికి "వశిష్ఠ పొంగింది", "వైనతేయ గట్టు కోసేసింది" అంటాం. ఆకాశంలో ఉన్నది ఒక్కడే అయినా సూర్యుడు ఉదయించాడు, పొద్దు పొడిచింది. కాబట్టి తెలుగులో క్రియ చివర ఏముండాలన్నది ఆ జీవికి కాళ్లెన్ని, మొప్పలున్నాయా లేవా అన్నదాన్ని బట్టి తేలదు. మనం దాన్ని ఏమని పిలుస్తున్నాం, పిలిచేవాడు ఎవడు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

నవలాకారిణిగా మీకు అసలు పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం. మీరు కథకురాలిగా 'వచ్చారు' అనే రాయండి, కానీ మీ పాత్రలందరి చేతా అలాగే అనిపించకండి. ఉదాహరణకి ఇలా అనుకుందాం. కాలువ లాకుల దగ్గర కాపలావాడికి చీకట్లో నీళ్ల చప్పుడు వినిపించింది. "ఏంటది?" అన్నాడు. లాంతరెత్తి చూసి "మూడున్నాయి, ఇటే వస్తున్నాయి, జనాన్ని లేపండి" అని కేకేశాడు. పక్కనే పడవలో పడుకున్న సరంగు, వాళ్ల దగ్గర ఉప్పిచ్చి పీతలు తెచ్చుకునేవాడు, లేచి కూర్చుని "కంగారుపడకురా, ముగ్గురే. నాకు తెలిసినవాళ్లే" అన్నాడు. ఈ రెండు మాటలకీ మధ్య మీరు ఒక్క ముక్క వివరణ రాయక్కర్లేదు, ఆ రాజ్యంలో మడ జాతిని ఎవరెలా చూస్తారో పాఠకుడికి అర్థమైపోతుంది. 'మూడు', 'ముగ్గురు' అంతే. అదే కాపలావాడు ఇరవయ్యో అధ్యాయంలో తనకి తెలియకుండానే "ఎవరది?" అని అడిగితే, ఆ ఒక్క ప్రశ్న కోసం పాఠకుడు అంతసేపూ ఎదురుచూసినట్టు ఉంటుంది. రాజుగారి కచేరీ లెక్కల్లో "పట్టుబడినవి ఆరు" అనీ, ఆ ఆరుగురిలో ఒకరి తల్లి నోట "మావాళ్లు ఆరుగురు" అనీ రాసి చూడండి. ఇంగ్లీషులో ఇంత క్లుప్తంగా కుదరని సౌకర్యం ఇది, మన రచయితలు దీన్ని వాడుకోకుండా వదిలేస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లకి కూడా ఇదే చెబుతాను. రోబో అన్న మాట 1920లో అచ్చయిన ఒక చెక్ నాటకం నుంచి వచ్చింది, ఆ భాషలో దాని మూలానికి వెట్టిచాకిరీ అని అర్థం, ఆ నాటకంలో పనివాళ్లుగా తయారైనవాళ్లే తిరగబడతారు. వస్తువా, మనిషా అన్న ప్రశ్న ఆ మాటతోనే పుట్టిందన్నమాట. తెలుగులో "రోబోలు తిరగబడ్డాయి" అంటే యంత్రాలు చెడిపోయినట్టు వినిపిస్తుంది, "రోబోలు తిరగబడ్డారు" అంటే తిరుగుబాటు అయిపోతుంది.

ఏకవచనంలో మాత్రం జాగ్రత్త. "ఒక నీడ గట్టెక్కింది, చుట్టూ చూసింది" అని రాస్తే అది స్త్రీయో, జంతువో, మరోటో తెలియదు. దాచాలనుకున్నప్పుడు ఇది మంచి ఆయుధం, దాచే ఉద్దేశం లేనప్పుడు మాత్రం గందరగోళం. మీ మడ జాతిలో ఆడా మగా తేడా లేదనుకుంటే ఒక్కరికి కూడా "వచ్చారు" అని గౌరవ బహువచనం వాడుకోవచ్చు, కానీ అప్పుడు మీ జాతి మొత్తానికి పెద్దరికం వచ్చి కూర్చుంటుంది, అల్లరి చేసే పిల్ల గురించి "ఆ పిల్లగారు దూకారు" అన్నట్టు తయారవుతుంది. నన్నడిగితే పిల్లలకి 'వచ్చింది', పెద్దలకి 'వచ్చారు' పెట్టండి, మన ఇళ్లల్లో జరిగేదీ దాదాపు అదే.

మనం, మేము తేడా కూడా వాడుకోండి. ఇది తెలుగువాళ్లకి పుట్టుకతో వచ్చిన సంపద. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, పక్కన పెడితే మేము. మడవాళ్ల పెద్ద మీ నాయికతో పుస్తకం పొడుగునా "మా ఏరు, మా అడవి, మేము పోటు చూసి కదులుతాం" అంటూ ఉండి, ఎక్కడో ఒకచోట "మన ఏరు" అన్నాడనుకోండి, అంతకన్నా పెద్ద సంధిపత్రం ఏం రాస్తారు? రాశాక దాని కింద "అతను మన అన్నందుకు ఆమె కళ్లు చెమర్చాయి" అని మాత్రం రాయకండి. పాఠకుడికి వినబడుతుంది.

పేరు గురించి ఒక మాట. 'మడ' తెలుగు మాట, 'చర' సంస్కృతం. ఇలా కలిపితే వైరి సమాసం అని వ్యాకరణం తెలిసినవాళ్లు పట్టుకుంటారు. వాడుకలో ఇలాంటివి చాలా ఉన్నాయి, అందుకని నేను తప్పనను, కానీ ఇక్కడ దానికంటే మంచి మాట అందుబాటులో ఉంది: 'మడవాళ్లు'. లంకవాళ్లు, గట్టువాళ్లు అన్నట్టే. పక్క ఊరి జనం అసలు అలాగే పిలుస్తారు. శాసనాల్లో, పండితుల నోట వేరే పేరు ఉంటే ఉండనివ్వండి.

ఊళ్ల పేర్ల ప్రశ్నకి కూడా జవాబు ఇందులోనే ఉంది. సంస్కృతం పేర్లే పెట్టాలన్న నియమం ఏమీ లేదు. వజ్రకేతుపురం, చంద్రప్రభానగరం అని వరసగా పెట్టుకుంటూ పోతే ఆ ఊళ్లల్లో బురద ఉంటుందని, చేపల వాసన వస్తుందని పాఠకుడు నమ్మడు. మీ చుట్టూ ఉన్న పేర్లు చూడండి: బండారులంక, ఎదుర్లంక, ఊబలంక, పాశర్లపూడి. కొన్నిట్లో ఆ ఊరి నేల ఎలాంటిదో పేరులోనే తెలిసిపోతుంది. మీ లోకంలో కూడా లంకలుంటాయి, దిబ్బలుంటాయి, రేవులుంటాయి, పాలేలుంటాయి, వాటికి ముందు అక్కడి చెట్టో, చేపో, పనో చేర్చండి చాలు. సంస్కృతం పేరు రాజు పెట్టింది, జనం నోట అది నలిగిపోయింది అని చూపిస్తే ఇంకా బాగుంటుంది. 2015లో ప్రభుత్వం రాజమహేంద్రవరం అన్న పేరు తిరిగి తెచ్చింది, చాలా బోర్డుల మీద అదే ఉంది, బస్సు దగ్గర నిలబడి వినండి, రాజమండ్రి అనే అరుస్తారు. గోదావరి కూడా మన నోట్లో గోదారే కదా. ఒక ఊరికి రెండు పేర్లున్నాయంటే ఆ ఊరికి చరిత్ర ఉన్నట్టే, దానికోసం మీరు ముందుమాటలో నాలుగు పేజీల రాజవంశ చరిత్ర రాయక్కర్లేదు.

'లాకులు' అని నేను పైన వాడాను, అది ఇంగ్లీషు మాట కదా, ఊహాలోకంలోకి ఎలా వచ్చింది అని మీ తమ్ముడు అడగొచ్చు. నిజమే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలతోబాటు మన నోటికి అంటుకున్న మాట అది. కానీ డెల్టాలో పుట్టినవాళ్లకి అది కాలువంత సొంతం, చదివేటప్పుడు ఎవరికీ తగలదు. కలెక్టరు, జిల్లా అంటే మాత్రం ఠక్కున మన ప్రభుత్వ ఆఫీసు గుర్తొచ్చి మీ లోకం చెదిరిపోతుంది. మాట ఎక్కడ పుట్టిందని నిఘంటువులో వెతకడం కన్నా, చదివేవాడి కాలికి తగులుతుందా లేదా అని చూసుకోవడం మేలు. దూరాలకి క్రోసు, కూతవేటు, కాలానికి జాము, తొలికోడి కూసే వేళ, పొద్దు వాలే వేళ, లోతుకి మొలలోతు, నిలువు లోతు, ఇవన్నీ ఏ లోకంలోనైనా నిశ్చింతగా ఇమిడిపోతాయి.

ఇక ఆయ్, అండి. తప్పకుండా వాడండి, అయితే అందరి చేతా వాడించకండి. 'ఆయ్' అనగానే తెలుగు పాఠకుడికి గోదావరి జిల్లా కళ్లముందుకొస్తుంది, అందుకే దాన్ని సరంగు లాంటి ఒకళ్లిద్దరికి పరిమితం చెయ్యండి. 'అండి' సంగతి వేరు, అది యాసకన్నా లోతైనది, ఆ సమాజంలో ఎవరు ఎవరికి తలొంచుతారో అది చెబుతుంది. మీ వైపు తమకన్నా చిన్నవాళ్లని కూడా అండి అనడం ఉంది, కొన్ని చోట్ల అలా అంటే వెటకారం అనుకుంటారు. మీ లోకానికి ఒక పద్ధతి మీరే పెట్టుకోండి. మడవాళ్ల భాషలో మీరు అన్న మాటే లేదనుకోండి, రాజుని కూడా "నువ్వు ఎప్పుడొచ్చావు?" అని ప్రేమగానే అడుగుతారు, సభలో వాళ్లందరూ కత్తులు దూస్తారు, దుబాసీ చెమటలు కక్కుతూ "తమరెప్పుడు దయచేశారు అని అడుగుతున్నారండి" అని సర్దుతాడు. అతను సర్దిన సంగతి నాయికకి ఒక్కదానికే తెలుసు.

రెండో ప్రతి రాసేటప్పుడు వర్ణనలు పక్కన పెట్టి ఒక్క సంభాషణలే వరసగా చదవండి. ప్రతి పాత్రా మడవాళ్ల గురించి వాళ్లు అంటోందా, అవి అంటోందా, ఏ అధ్యాయంలో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారింది అని అంచున పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. కారణం లేకుండా మారిన చోటల్లా దిద్దండి. మీ తమ్ముడి చేత కూడా చదివించండి, అతని చెవి చురుకైనదే.