నాన్నను ఇంటికి తెచ్చుకునే ముందు

చిన్నీ,

నాన్నను డీ-అడిక్షన్ సెంటర్ నుంచి నేరుగా కూకట్‌పల్లి మీ ఇంటికే తెచ్చుకుంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నా తమ్ముడి కడుపున ఇలాంటి కూతురు పుట్టిందని ఎంత పొంగిపోయానో, అంత గుండె దడ. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో నర్సుగా చేసి రిటైరైన మేనత్తను, నన్నొక్క మాట అడగాలనిపించలేదేమే నీకు?

ఇంట్లో సీసా ఉండకూడదు, ఎవరొచ్చినా సరే. మాత్రలు నీ చేత్తోనే ఇవ్వు. వైన్స్ లేని దారిలో నడకకు తీసుకెళ్లు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది మా అత్తగారింటి సంగతి. మా పెద్ద బావగారు తాగుడు మానేసి ఇంటికొచ్చారు. మాట తేటగా ఉంది. చిన్నప్పటి పద్యాలు ఒక్క అక్షరం తప్పకుండా చదివేవారు. అది చూసి మా మామగారు వారం తిరక్కుండానే కొట్టు లెక్కలు అప్పగించారు. ఒకరోజు కరెంటు బిల్లు, కూరగాయలు, బ్యాంకులో డబ్బు కట్టడం, మూడూ ఒకేసారి చెప్పి పంపారు. ఆయన బిల్లు కట్టారు, కూరగాయలు తెచ్చారు, చొక్కా మార్చుకుని కూర్చున్నారు. బ్యాంకు రసీదేదంటే తెల్లమొహం వేశారు. "గుర్తులేదు నాన్నా" అన్నారు. ఆ మాట ఆయన తాగే రోజుల్లో వెయ్యిసార్లు అన్నదే. మామగారు వాకిట్లో అందరి ముందూ నోరు వాసన చూశారు. వాసనేం లేదు. అయినా "ఎవడికి తగలేశావురా" అని అరిచారు. ఆ సాయంత్రం బావగారు కల్లు కంపౌండ్‌లో తేలారు. మర్నాడు మా అత్తగారు ఉతకడానికి చొక్కా తీస్తే లోపలి జేబులో నోట్లు, మడత కూడా విప్పకుండా.

ఏళ్ల తరబడి తాగినవాళ్లకు మాట్లాడే తీరు, పాత జ్ఞాపకాలు చాలావరకు నిలుస్తాయి. దెబ్బ తినేది పనులు వరసలో పెట్టుకోవడం, కొత్త సంగతి పట్టుకోవడం, తొందరపాటు ఆపుకోవడం. దిగులు జబ్బు కూడా ఉంటే ఆలోచనే నెమ్మదిస్తుంది. ఏదడిగినా "ఏమో" అంటారు. మానేశాక వారాలు, నెలలు గడిచేకొద్దీ చాలామందికి తేరుకుంటుంది, కొందరికి ఏడాది దాటుతుంది. మా దగ్గర సైకాలజిస్టులు జ్ఞాపకశక్తి పరీక్షలకు తొందరపడేవారు కాదు, తాగుడు మత్తు పూర్తిగా దిగాక కొన్ని వారాలు ఆగేవారు. నువ్వూ ఆగు. ఒకసారికి ఒకే పని చెప్పు, కాగితం మీద రాసివ్వు. మరిచిపోతే మళ్లీ చెప్పు. అంతేగాని నోరు మాత్రం వాసన చూడకు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా.

ఇంకొకటి, ఇది నన్ను ఇప్పటికీ వణికించేది. తాగకపోయినా నడక తూలుతున్నా, కనుగుడ్లు అటూ ఇటూ అదురుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా ఆ క్షణమే ఆటో ఎక్కించు. మూడూ కలిసి రావాలని లేదు, ఒక్కటి చాలు. అది బి1 విటమిన్, అదే థయమిన్, బాగా పడిపోవడం వల్ల కావచ్చు. 1881లో వెర్నికే అనే డాక్టరు రాసిన జబ్బు. ఆలస్యమైతే కొత్త జ్ఞాపకాలు నిలవని స్థితి శాశ్వతంగా మిగలొచ్చు. క్యాజువాలిటీలో "ఈయన తాగేవారు, గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ ఇంజెక్షన్ చూడండి" అని గట్టిగా చెప్పు. సిగ్గుపడి తాగుడు సంగతి దాచిన కుటుంబాలను చూశాను.

ఒకవేళ జారి మళ్లీ రోజూ తాగాడే అనుకో, ఇంట్లో గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించకు. ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతి చలించవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రిలోనే మాన్పించాలి. ఎవరో ఇచ్చిన నిద్రమాత్రలూ వద్దు, వాటితోనూ మతిమరుపు పెరుగుతుంది.

తాగుడు తెచ్చిన దిగులు చాలామందికి మానేసిన నెలలో తేలికపడుతుంది. నెల దాటినా అన్నం సహించక గోడకేసి తిరిగి పడుకుంటే డాక్టరుకు చెప్పు. "నేనుండి ఏం లాభం" అన్నాడంటే మాత్రల డబ్బాకు తాళం వెయ్యి, ఒంటరిగా వదలకు. అర్ధరాత్రైనా టెలీ మానస్‌కు, అదే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

ఆదివారాలు నేనొచ్చి వాడి దగ్గర కూర్చుంటా. ఆ పూట నువ్వు ఇంట్లో ఉండకు. తలంటుకుని, నీ స్నేహితురాళ్ల దగ్గరికి వెళ్లి సాయంత్రం దాకా రాకు. వంట నేను చూసుకుంటా.

మీ అత్తయ్య