అరుగు మీద ఒక న్యాయం, గేటు దగ్గర మరో న్యాయం

ప్రశ్న: రోహిణి కార్తె ఎండల్లో మా మామగారు, మావారు చొక్కా లేకుండా, లుంగీ మోకాళ్లపైకి మడిచి కట్టి వీధి అరుగు మీద కూర్చుంటారు. డిగ్రీ చదివే మా అమ్మాయి చేతుల్లేని కుర్తీతో పాలప్యాకెట్ కోసం గేటు దాకా వెళ్తే మాత్రం చున్నీ ఏదని గద్దిస్తారు. ఇది సబబేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సబబు కాదమ్మా. ఉక్కపోత ఇంట్లో అందరికీ ఒకటే. మగవాడి ఒంటిని శ్రమకూ భక్తికీ ముడిపెట్టి చూసే మన కళ్లు ఆడపిల్ల భుజాన్ని పరువుకు ముడిపెడతాయి. అందుకే విజయవాడ దుర్గాఘాట్‌లో పంచెతో మునిగి లేచే పురుషుణ్ని ఎవరూ పట్టించుకోరు గానీ, తడిచీరతో మెట్లెక్కే స్త్రీ తువ్వాలు కప్పుకునేదాకా తల ఎత్తలేదు. ఈ కట్టుబాటు అంతటా అనాదిగా ఒకేలా ఉన్నదనుకోకండి. నేటి దక్షిణ కేరళ, కన్యాకుమారి ప్రాంతాల్లోని ఒకనాటి తిరువాన్కూరు సంస్థానంలో, తక్కువ కులంగా చూడబడిన నాడార్ స్త్రీలు ఎద కప్పుకునే హక్కు కోసమే దశాబ్దాలు పోరాడవలసి వచ్చింది. 1859లో రాజు అనుమతించినప్పుడు కూడా అగ్రవర్ణ స్త్రీల తరహాలో కప్పుకోరాదన్న షరతు పెట్టాడు. అంటే అక్కడ కప్పుకోవడమే తప్పయింది. పురుషుడి దేహంపై అతని హక్కును ఎవరూ ప్రశ్నించరనీ, స్త్రీకి ఆ హక్కు దక్కడం లేదనీ 2023లో కేరళ హైకోర్టు కూడా ఒక తీర్పులో బాధపడింది. మామగారితో వాదం వద్దు. ముందు మీవారితో, అమ్మాయి వినేలా, ఈ మాట మీరే అనండి.